అమీర్‌పేటలో దిగండి

డిసెంబరు వచ్చిందంటే మన కృష్ణా జిల్లా నుంచి ఫోన్లు మొదలవుతాయి. "రెండు రోజులు సెలవులు దొరికాయి, పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ వద్దామనుకుంటున్నాం, ఏమేం చూడాలి?" అని. చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, ఓపికుంటే ఫిల్మ్ సిటీ. ఈ పట్టీ అడిగేవాళ్ల దగ్గర ముందే తయారుగా ఉంటుంది. అవన్నీ చూడదగ్గవే. కాకపోతే రెండు రోజుల్లో సగం ట్రాఫిక్‌లో పోతుంది, మిగిలిన సగం టికెట్ల దగ్గర నిలబడడంలో పోతుంది. అందుకని ఈసారి వేరే సలహా చెబుతాను. రాత్రి ఎక్కిన బస్సు తెల్లారేసరికి అమీర్‌పేటలో దించుతుంది కదా, అక్కడే గది తీసుకోండి. పంజాగుట్ట, బేగంపేట, సంజీవరెడ్డి నగర్, బల్కంపేట అన్నీ అక్కడికి దగ్గరే. అమీర్‌పేట మెట్రో స్టేషనుకు అటూ ఇటూ నాలుగైదు కిలోమీటర్లు తిరిగితే ఈ రాష్ట్రం కథ చాలావరకు తెలిసిపోతుంది.

ఈ రాష్ట్రం అని ఎందుకంటున్నానంటే, 2014 జూన్ 2 నుంచి మీది ఒక రాష్ట్రం, నాది ఒక రాష్ట్రం. భాష ఒకటే, చూసే సినిమాలు అవే, పెళ్లి సంబంధాలు అటూ ఇటూ కుదురుతూనే ఉన్నాయి. దాంతో చరిత్ర కూడా ఒకటేనని మనవాళ్ల నమ్మకం. మనం చదువుకున్న బళ్లో శాతవాహనులు ఉన్నారు, కృష్ణదేవరాయలు ఉన్నాడు, ఉప్పు సత్యాగ్రహం ఉంది. నిజాం గురించి ఏం చదివామో నాకు గుర్తు కూడా లేదు. 'హైదరాబాదును డెవలప్ చేసింది మనమే' అన్న మాట మాత్రం మన వైపు ఏ పెళ్లి పందిట్లో కూర్చున్నా వినిపిస్తుంది. వై2కే రోజుల్లో కంప్యూటర్ కోర్సు కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషిని. ఆ మాట మీద నాకు పేచీ ఉంది. ఆ పేచీ ఏమిటో మిమ్మల్ని వెంటబెట్టుకుని తిప్పుతూ చెప్పడమే తేలిక.

ముందు వాతావరణం సంగతి. డిసెంబరు, జనవరి నెలల్లో పగలు 28, 29 డిగ్రీలు, తెల్లవారుజామున 13, 14. ఇంకా తగ్గే రోజులూ ఉంటాయి. మన డెల్టా చలిలో తేమ ఉంటుంది, ఇక్కడిది పొడి చలి. పెదాలు పగులుతాయి, ఎండలో నడిచినా చెమట పట్టదు. ఈ ఊళ్లో కాలినడకన తిరగాలంటే ఈ రెండు నెలలే అనువు. స్వెట్టర్ ఒకటి చాలు, చెప్పులు మాత్రం గట్టివి వేసుకు రండి. ఫుట్‌పాత్ ఉన్నచోట బండ్లుంటాయి, బండ్లు లేనిచోట ఫుట్‌పాత్ ఉండదు.

మీరు వచ్చేది ఆర్టీసీ బస్సయితే దిగేటప్పుడు నంబరు ప్లేటు చూడండి. పాత బస్సుల మీద జెడ్ అక్షరం ఉంటుంది. 1932లో నిజాం స్టేట్ రైల్వేలో రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైంది. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ తన తల్లి జహ్రా బేగం పేరు మీద ఆ అక్షరం పెట్టించాడని ఇక్కడ చెప్పుకుంటారు. తర్వాత రోజుల్లో బెజవాడ నుంచి బందరు వెళ్లే బస్సుల సంస్థకు కూడా మూలం ఆ 27 బస్సులే. అంటే మనం ఈ ఊరికి రాకముందే ఈ ఊరిది ఒకటి మన ఊరికి వచ్చింది.

మొదటి రోజు పొద్దున్నే టిఫిన్ చేసి బేగంపేట వైపు మెట్రో ఎక్కండి. మన సర్కారు జిల్లాల కథకు ఈ పేటతో చుట్టరికం ఉంది. 1766లో రెండో నిజాం అలీ ఖాన్ ఉత్తర సర్కార్లను ఇంగ్లీషు కంపెనీకి వదులుకున్నాడు. గుంటూరు సర్కారు మాత్రం ఆయన తమ్ముడు బసాలత్ జంగ్ చేతిలో ఉండి, అతను పోయాక 1788లో కంపెనీకి దక్కింది. 1800లో రాయలసీమ కూడా పోయింది. అంతకుముందు మనమూ నిజాం రైతులమే. ఆ నిజాం అలీ ఖానే కూతురు బషీరున్నిసా బేగాన్ని పైగా వంశంలో ఇచ్చి చేసి, పెళ్లి కానుకగా రాసిచ్చిన నేల ఈ బేగంపేట అని ప్రతీతి. మనల్ని కంపెనీకి, ఈ నేలను అల్లుడికి ఇచ్చిన చెయ్యి ఒకటే. అక్కడినుంచి దారులు చీలాయి. మనకు కలెక్టర్లు, మిషనరీ బళ్లు, ఇంగ్లీషు చదువు, కాటన్ దొర ఆనకట్ట వచ్చాయి. ఇక్కడ జాగీర్లు, దేశ్‌ముఖ్‌లు, మొదట ఫారసీలో, తర్వాత ఉర్దూలో నడిచిన కచేరీలు మిగిలాయి. ఆ దూరం రెండు వందల ఏళ్ల దూరం. 1956లో రెండు ప్రాంతాలను కలుపుతూ ఒక కాగితం మీద సంతకాలు పెడితే తరిగేది కాదు.

పైగాలు అంటే నిజాం కుటుంబం తర్వాత అంతటి హోదా ఉన్న ప్రభువులు. వాళ్లలో సర్ వికారుల్ ఉమ్రా ఫలక్‌నుమా కట్టించిన మనిషి. ఆయన స్పెయిన్ వెళ్లి కార్డోబా మసీదు చూసి ముచ్చటపడి, బేగంపేటలో అలాంటిదే కట్టడం మొదలుపెట్టాడు. 1902లో ఆయన పోయాక కొడుకు 1906లో పూర్తి చేశాడు. స్పానిష్ మసీదు అంటే ఎవరైనా దారి చెబుతారు. మసీదనగానే మనకు గుమ్మటాలు గుర్తొస్తాయి కదా, దీనికి కోసుగా లేచిన శిఖరాలుంటాయి. దూరం నుంచి చూసి చర్చి అనుకునేవాళ్లున్నారు. నమాజు వేళలు తప్పించి, అడిగి, తల మీద గుడ్డ వేసుకుని వెళ్తే లోపలి కమానుల వరసలు చూడొచ్చు.

దగ్గర్లోనే ఉన్న పైగా ప్యాలెస్ కూడా ఆయనదే. అది 2008 నుంచి 2023 దాకా అమెరికా కాన్సులేట్. మన ఊళ్లలో ఎంతమంది ఈ గేటు ముందు ఫైళ్లు పట్టుకుని నిలబడ్డారో మీకే తెలుసు. అమీర్‌పేటలో కోర్సు, బేగంపేటలో వీసా. పక్కనే పాత విమానాశ్రయం ఉంది. 2008 మార్చిలో శంషాబాద్ మొదలై బేగంపేట విమానాశ్రయం ప్రయాణికుల రాకపోకలకు మూతపడేదాకా విమానాలు మా డాబాల మీదుగానే దిగేవి.

ఆ పాత విమానాశ్రయం చుట్టుపక్కలే ఇంకో భవనం ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని మైక్రోస్కోపు కింద చూసింది ఈ బేగంపేటలోనే. 1902లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆగస్టు 20ని ఇప్పటికీ ప్రపంచ దోమల దినం అంటారు. ఆయన పేరుతో ఉన్న సంస్థ ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద ఉంది. పిల్లలు వెంట ఉంటే తప్పకుండా చూపించండి. ఆయన పని చేసింది సికింద్రాబాద్ కంటోన్మెంటు సైన్యం కోసం. ఆ కంటోన్మెంటు ఇక్కడ వెలిసింది నిజాం ఇంగ్లీషువాళ్లతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాక. రాజు తన రాజ్యాన్ని కాపాడుకోడానికి పరాయి సైన్యాన్ని పిలిస్తే, ఆ సైన్యం వెనక వైద్యుడు వచ్చాడు, ఆ వైద్యుడు లోకానికి పనికొచ్చే సంగతి కనిపెట్టాడు. వచ్చినవాడు ఏం చేస్తాడో పిలిచినవాడికి ముందు తెలియదు. ఈ ఊరి కథ పొడుగునా అదే వరస.

మధ్యాహ్నానికి వెనక్కి వచ్చి బల్కంపేట ఎల్లమ్మను చూడండి. గుడి అనగానే మెట్లెక్కడం అలవాటు మనకు, ఇక్కడ అమ్మవారు బావిలో ఉంటుంది. భూమట్టానికి పదడుగుల కింద, నీటి ఊట దగ్గర. పైనుంచి వంగి చూడాలి. ఆ ఊటే తీర్థం. ఆషాఢంలో కల్యాణానికి వచ్చే జనంతో రోడ్లు మూసేస్తారు, చలికాలంలో మాత్రం ప్రశాంతంగా దర్శనం దొరుకుతుంది. పైగాల కోటలూ కాన్సులేట్లూ రాకముందు ఇది ఊరే, పొలాలే, బావులే అని చెప్పే ఆనవాలు ఈ చుట్టుపట్ల నాకు తెలిసి ఇదొక్కటే.

సాయంత్రం మైత్రీవనానికి రండి. మైత్రీవనం ఒకప్పటి నగరాభివృద్ధి సంస్థ హుడా కట్టిన వాణిజ్య సముదాయం. దాని చుట్టూ ఉన్న ఆదిత్య ఎన్‌క్లేవ్ లాంటి భవనాల్లో అంతస్తు అంతస్తుకీ ఒక ఇన్‌స్టిట్యూట్. 2000 సంవత్సరం వస్తోంది, ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తేదీ తప్పు చదువుతాయట, పాత కోబాల్ ప్రోగ్రాములు సరిదిద్దే మనుషులు కావాలట అన్న కబురు రాగానే రెండు తెలుగు ప్రాంతాల డిగ్రీ కుర్రాళ్లంతా ఇక్కడ దిగారు. కోబాల్ పోయింది, జావా వచ్చింది. తర్వాత ఒరాకిల్, డాట్‌నెట్, టెస్టింగ్. ఇప్పుడు క్లౌడ్, డేటా సైన్స్, ఏఐ. స్తంభాలకు అంటించే కాగితాల మీద పేర్లు మారాయి, కాగితాల మందం మారలేదు. కరోనా తర్వాత చాలా క్లాసులు ఆన్‌లైన్‌కి వెళ్లాయి. అయినా రోడ్డు మీద నడుస్తుంటే కరపత్రాలు చేతిలో పెడుతూనే ఉంటారు.

ఒక జిరాక్స్ షాపు ముందు కాసేపు ఆగండి. అరల నిండా స్పైరల్ బైండింగ్ పుస్తకాలుంటాయి. ఏ ఫ్యాకల్టీ ఏ బ్యాచ్‌లో చెప్పిన పాఠమో, ఎవరో ఓ విద్యార్థి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నదో, అన్నిటికీ కాపీలు. వీటిని రన్నింగ్ నోట్స్ అంటారు. రాసినవాడి పేరు ఉండదు. మార్జిన్‌లో 'ఇంటర్వ్యూలో అడుగుతారు' అని చుక్క గుర్తు ఉంటుంది. ఆ రాసినవాడు ఈపాటికి టెక్సాస్‌లో ఉండొచ్చు, అతని చేతిరాత మాత్రం ఇక్కడ అమ్ముడుపోతూనే ఉంటుంది. మొదటి క్లాసు డెమో, డబ్బు కట్టక్కర్లేదు. తెల్లవారి బ్యాచ్‌కి వెళ్లాలంటే హాస్టల్లో స్నానానికి వరస కాయాలి. నలుగురు పడుకునే గది, పక్క మంచం వాడిది ఖమ్మమో, శ్రీకాకుళమో, కడపో. తెలుగువాళ్లలో ఎన్ని రకాల తెలుగుందో నాకు తెలిసింది ఆ గదిలోనే. 'ఆనపకాయ' అన్నందుకు నన్ను వారం రోజులు ఏడిపించారు.

రాత్రి భోజనం ఏదైనా మెస్‌లో చేయండి. ముద్దపప్పు, గోంగూర, పెరుగు, అడగకుండానే మారు వడ్డన. తర్వాత సినిమా చూడాలనిపిస్తే పాత సత్యం థియేటర్ ఉన్నచోట 2023లో ఏఏఏ సినిమాస్ తెరిచారు. లేదా ఏదైనా స్వగృహ దుకాణానికి వెళ్లండి. మన ఆత్రేయపురం పూతరేకులు, కాకినాడ కాజా పక్కనే సకినాలు ఉంటాయి. సకినాలు లేకపోతే తెలంగాణలో సంక్రాంతి కాదు. బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, తడి పిండిని వేళ్ల మధ్య మెలితిప్పుతూ గుడ్డ మీద చుట్టు లోపల చుట్టుగా పోస్తారు. అది చేత్తో రావాల్సిన పని, గిద్దలు పనికిరావు. కాస్త ఆరాక ఒక్కొక్కటీ విరక్కుండా లేపి నూనెలో వేస్తారు. మన అరిసెకు పాకం కుదరడం ఎంతో, సకినానికి ఆ మెలిక కుదరడం అంత. ఓ కిలో కట్టించుకోండి, ఇంటికి చేరేదాకా విరగవు.

రెండో రోజు పంజాగుట్ట. బంగారు దుకాణాలు, ఫ్లైఓవర్, పైన మెట్రో, కింద హారన్లు. షాపింగ్ సంగతి మీకు ఒకరు చెప్పక్కర్లేదు. నేను చూపించేది రోడ్డుకు కాస్త లోపలికి, గుట్ట మీద ఉంది. ఎర్రమంజిల్ ప్యాలెస్. సుమారు 1870లో కట్టిందని చెప్తారు. కట్టించింది నిజాం ప్రభుత్వంలో పెద్ద పదవులు చేసిన ఫక్రుల్ ముల్క్ నవాబు. ఐరోపా పద్ధతి స్తంభాలు, గచ్చు పనితనం, విందులు, గుర్రాలు. తర్వాత రోజుల్లో అందులో ప్రభుత్వ ఇంజినీర్ల ఆఫీసులు వెలిశాయి. పక్కనే నీటిపారుదల శాఖవారి జలసౌధ ఉంది. 2019లో ప్రభుత్వం ఈ ప్యాలెస్ తీసేసి ఆ స్థలంలో కొత్త శాసనసభ కట్టాలని నిర్ణయించింది, జూన్‌లో శంకుస్థాపన కూడా జరిగింది. ఊరివాళ్లు కొందరు కోర్టుకు వెళ్లారు. సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. అలా భవనం మిగిలింది. మరమ్మతులైతే పెద్దగా కనపడవు. టికెట్టూ లేదు, గైడూ లేడు, బయటినుంచి చూసి రావాలి.

అక్కడినుంచి నడిచి వచ్చేంత దూరంలో నిమ్స్. ఆసుపత్రి కూడా చూసే చోటేనా అంటారేమో. లోపలికి వెళ్లక్కర్లేదు, రోగుల బంధువుల మధ్య మనకేం పని. గేటు ఎదురుగా టీ తాగుతూ నేను చెప్పేది వినండి. నిజాం చారిటబుల్ ట్రస్టు 1960లలో ఎముకల ఆసుపత్రిగా దీన్ని కట్టించింది. తర్వాత అన్ని విభాగాలతో పెరిగి 1989లో చట్టం ద్వారా విశ్వవిద్యాలయ హోదా పొందింది. మన గుంటూరు, ప్రకాశం నుంచి అంబులెన్సుల్లో ఇక్కడికే తెచ్చేవాళ్లు. 2009 నవంబరు 29న ప్రత్యేక తెలంగాణ కోసం నిరాహార దీక్షకు బయల్దేరిన కేసీఆర్‌ను దారిలో అరెస్టు చేసి ఖమ్మం తీసుకెళ్లారు. అక్కడినుంచి ఈ నిమ్స్‌కు తెచ్చారు. డిసెంబరు 9 రాత్రి ఢిల్లీలో కేంద్ర హోంమంత్రి చిదంబరం తెలంగాణ ప్రక్రియ మొదలుపెడుతున్నట్టు ప్రకటించాకే ఇక్కడ దీక్ష విరమించారు. ఆఖరి నిజాం ట్రస్టు కట్టించిన భవనంలో కొత్త రాష్ట్రం మాట ఖాయమైంది. ఆ రాత్రి ఈ రోడ్డంతా రంగులు చల్లుకున్నారు. మా అపార్టుమెంట్లో మాత్రం సగం ఇళ్లలో టీవీ శబ్దం తగ్గించారు. ఏ సగమో మీకు చెప్పక్కర్లేదు.

ఆ రంగులు ఎందుకో అర్థం కావాలంటే వెనక్కి వెళ్లాలి. పంతొమ్మిదో శతాబ్దంలో దివాన్ సాలార్‌జంగ్ పాలన బాగు చేద్దామని ఉత్తరాది నుంచి చదువుకున్నవాళ్లను పిలిపించాడు. వాళ్లు సమర్థులే. కాకపోతే మంచి ఉద్యోగాలన్నీ వాళ్లకూ వాళ్ల బంధువులకూ వెళ్లిపోయాయి. ఇక్కడివాళ్లు అప్పుడే గోల పెట్టారు. ఆ గోల ఫలితంగా 1919లో ఉస్మాన్ అలీ ఖాన్ ముల్కీ నిబంధనలు తెచ్చాడు. ఉద్యోగం కావాలంటే ముల్కీ, అంటే ఈ రాజ్యపు మనిషి అయుండాలి. బయటినుంచి వచ్చినవాడు ముల్కీ కావాలంటే రెండు షరతులు. పదిహేనేళ్లు ఇక్కడ కాపురముండాలి. పాత ఊరికి తిరిగి వెళ్లే ఆలోచన వదులుకున్నానని మెజిస్ట్రేటు ముందు ప్రమాణపత్రం రాసివ్వాలి.

1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం మీద భారత సైనిక చర్య తర్వాత మళ్లీ బయటి ఉద్యోగులు దిగారు, ఈసారి మద్రాసు, ఆంధ్ర వైపు నుంచి. 1952లో విద్యార్థులు 'ఇడ్లీ సాంబార్ గో బ్యాక్' అని రోడ్డెక్కారు. సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పులు జరిగాయి. రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను కొన్నాళ్లు విడిగా ఉంచమంది. అయినా 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం రాసుకుని నవంబరు 1న ఒకటయ్యాం. ఉద్యోగాల్లో ఇక్కడివాళ్ల వాటా, ఇక్కడి మిగులు డబ్బు ఇక్కడే ఖర్చు అని అందులో రాసుకున్నాం. ఆ మాట నిలబడలేదు. 1969లో ప్రత్యేక తెలంగాణ కోసం కుర్రాళ్లు లేచారు, కాల్పుల్లో వందల ప్రాణాలు పోయాయని ఇక్కడివాళ్లు ఈనాటికీ చెప్పుకుంటారు. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు అనగానే మన వైపు విడిపోతామంటూ జై ఆంధ్ర ఉద్యమం మొదలైంది. మనకు జై ఆంధ్ర గుర్తుంది, 1969 గుర్తు లేదు. ఇక్కడివాళ్లకు రెండూ గుర్తే.

ఇప్పుడు 'మనమే డెవలప్ చేశాం' అన్న మాటకు వద్దాం. మనం వచ్చేటప్పటికే ఇక్కడ ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది, 1918 నాటిది. హైకోర్టు ఉంది, ఉస్మానియా ఆసుపత్రి ఉంది, రైళ్లూ బస్సులూ ఉన్నాయి. అమీర్‌పేట పక్క సనత్‌నగర్‌కు తరలి మన ఇళ్లకు ఫ్రిజ్‌లు పంపిన ఆల్విన్ కంపెనీ 1942లో పుట్టింది. 1953లో మద్రాసు నుంచి వేరుపడి మనం కర్నూలులో గుడారాల్లో కచేరీలు పెట్టుకుంటున్న రోజులకు ఇది కట్టి ఉన్న రాజధాని. మనవాళ్లు తెచ్చింది లేదని నేననను. తెచ్చినదాన్ని చూపిస్తాను, నడవండి.

అమీర్‌పేట పక్కనే ఎల్లారెడ్డిగూడలో సారథి స్టూడియోస్ ఉంది. చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్ గారిది. మన దివిసీమకు కూతవేటు దూరం చల్లపల్లి. 1930లలో గూడవల్లి రామబ్రహ్మం గారితో కలిసి సారథి ఫిలిమ్స్ పెట్టి 'మాలపిల్ల', 'రైతుబిడ్డ' తీయించిన జమీందారు ఆయన. జమీందారీలను ఎదిరించిన 'రైతుబిడ్డ'కు జమీందారే డబ్బు పెట్టాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ రోజుల్లో హైదరాబాదులో మొదటి స్టూడియో కట్టింది ఆ సంస్థే. 1959లో వచ్చిన 'మా ఇంటి మహాలక్ష్మి' పూర్తిగా ఇక్కడ తీసిన తొలి తెలుగు సినిమా అంటారు. అప్పటికి సినిమా అంతా మద్రాసులో ఉంది. చాలా ఏళ్ల పాటు షూటింగులు లేక వెలవెలపోయినా ఈ స్టూడియో నిలబడింది. తర్వాత అక్కినేని అన్నపూర్ణ స్టూడియోస్, ఆ వెనక మిగిలినవి వచ్చాయి. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ ఇరుకు గదుల్లో ఈనాటికీ వేషాల కోసం, పాటల కోసం, కెమెరా పనుల కోసం ఎదురుచూసే కుర్రాళ్లున్నారు. అమీర్‌పేట హాస్టళ్లకు వాళ్ల గదులకు తేడా ఏమీ లేదు, కోర్సు ఫీజు ఒక్కటి తప్ప. డబ్బూ ధైర్యమూ మనవాళ్లు తెచ్చారు, నేలా నీడా ఊరు ఇచ్చింది. అంతవరకు చెప్పుకుంటే ఎవరికీ కోపం రాదు.

పంజాగుట్ట నుంచి బేగంపేట వైపు వెళ్తే గ్రీన్‌ల్యాండ్స్ దగ్గర ప్రజాభవన్ కనిపిస్తుంది. 2016లో ప్రగతిభవన్ పేరుతో ముఖ్యమంత్రి నివాసంగా కట్టారు. ముందు ఇనుప కంచెలుండేవి. 2023 డిసెంబరు 7న ప్రభుత్వం మారిన రోజే ఆ కంచెలు తీసేశారు, పేరూ మార్చారు. ప్రజావాణి జరిగే మంగళ, శుక్రవారాల్లో పొద్దున్నే వస్తే అర్జీలు పట్టుకుని నిలబడ్డ వరస చూడొచ్చు. ఆదిలాబాద్, నారాయణపేట, భూపాలపల్లి నుంచి రాత్రే బయల్దేరి వచ్చినవాళ్లు. తెలంగాణ అంటే హైదరాబాదే అనుకునే మన అలవాటుకు ఆ వరస మంచి మందు.

ఆఖరి సాయంత్రం నుమాయిష్‌కు ఉంచుకోండి. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో జరుగుతుంది. అమీర్‌పేటలో ఎల్‌బీ నగర్ వైపు రైలెక్కితే ఏడో స్టేషన్ గాంధీభవన్, దిగగానే గేటు. 1938లో ఉస్మానియా పట్టభద్రులు స్థానిక పరిశ్రమల సరుకు చూపించడానికి బాగేఆంలో ఈ ప్రదర్శన మొదలుపెట్టారు. 1946లో ఇప్పటి మైదానానికి మార్చారు. వచ్చిన డబ్బుతో ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతుంది, ఆడపిల్లల కోసం పెట్టిన సరోజినీనాయుడు వనితా మహావిద్యాలయం వాటిలో ఒకటి. కశ్మీరు శాలువాలు, లక్నో చికన్ బట్టలు, మిర్చి బజ్జీలు, జెయింట్ వీల్. తరతరాల హైదరాబాదీలకు చలికాలమంటే ఇదే. అక్కడ తిరిగే కుటుంబాల మాట వినండి. ఒకే ఇంట్లో తల్లి ఉర్దూలో బేరమాడుతుంది, తండ్రి తెలంగాణ తెలుగులో వద్దంటాడు, పిల్లలు ఇంగ్లీషులో కావాలంటారు.

జనవరికి కాక డిసెంబరులో వస్తే ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన ఉంటుంది. అక్కడ 'గోలకొండ కవుల సంచిక' కనబడితే కొనండి. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరని ఎవరో తేల్చేస్తే, సురవరం ప్రతాపరెడ్డి గారు ఊరూరి నుంచీ పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో అచ్చువేసిన పుస్తకం అది. ఉర్దూ చదువుల రాజ్యంలో, తెలుగు బడి దొరకడమే కష్టమైన రోజుల్లో, అంతమంది తెలుగులో రాస్తూ కూర్చున్నారు. మన యాసను ప్రామాణికమనీ వాళ్లదాన్ని కామెడీ పాత్రకు తగినదనీ అనుకున్న మన సినిమాల పక్కన ఆ పుస్తకం పెట్టి చూడండి. నా పేచీ అంతా ఆ రెంటి మధ్య ఉంది.

తిరుగు బస్సు ఎక్కేముందు ఒక్క మాట. ఇక్కడ స్థానికత లెక్క ఇప్పుడు పిల్లలు ఏ బడిలో ఎన్నేళ్లు చదివారన్న దాన్ని బట్టి తేలుతుంది. ఆ లెక్కన మా పిల్లలు లోకల్, నేను నాన్‌లోకల్. ఇంట్లో వాళ్లు సకినాలడుగుతారు, నేను అరిసెలంటాను. నిజాం కాలపు లెక్కనయితే పదిహేనేళ్ల షరతు నేను ఎప్పుడో దాటేశాను. ఊరికి తిరిగి వెళ్లే ఆలోచన లేదని ప్రమాణపత్రం రాయమంటే మాత్రం నా చెయ్యి ఆడదు. అందుకని డిసెంబరులో రండి, జనవరి మొదటి వారంలో రండి, ఎన్ని రోజులైనా ఉండండి, నేనే వెంట ఉండి తిప్పుతాను. సంక్రాంతికి మాత్రం రావద్దు. ఆ వారం అమీర్‌పేటలో మెస్‌లు మూసుంటాయి, హాస్టళ్లకు తాళాలుంటాయి, నేను మీ అరుగు మీదే కూర్చుని ఉంటాను.